గొలుసు కొన్నాము, టీకా మరచినాము

గత సంవత్సరం వేసవి సెలవులకు కొంచెం ముందుగా, ఒక శనివారం ఉదయం మేము ఐదుగురము తంబళ్లపల్లె నుండి మదనపల్లెకు బస్సెక్కి పోయినాము. పనులు రెండు. మాలో ఒకని ఇంటికి క్రొత్తగా వచ్చిన కుక్కపిల్లకు కావలసిన సామగ్రి కొనడం మొదటిది. ఇంటర్న్‌షిప్ కొరకు సంస్థలకు పంపవలసిన రెజ్యూమెలను తయారు చేయించుకోవడం రెండవది. అప్పటికి మేము డిగ్రీ రెండవ సంవత్సరంలో ఉన్నాము. సాయంకాలం బస్సులో తిరిగి వచ్చేటప్పుడు రెండు పనులూ దివ్యంగా ముగిసినవని మేమందరమూ సంతోషించినాము. రెండు పనులనూ సమానంగా చెడగొట్టుకొని వచ్చినామన్న సంగతి మాకు అర్థం కావడానికి మరి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలలో మేము నేర్చుకొన్నదానిని మన కళాశాల విద్యార్థి సోదర సోదరీమణుల ముందు, పాలకవర్గ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట దుకాణం సంగతి చెప్పుకొందాము. పెంపుడు జంతువుల సామగ్రి అమ్మే అంగడిలో మా కన్నులు చెదిరినవి. తళతళలాడే ఇనుప గొలుసు, చిరుగంటలు కుట్టిన ఎర్రని మెడపట్టీ, మెత్తని పరుపు, రంగు రంగుల పొట్లాలలో బిస్కెట్లు. మిత్రుని జేబులోని డబ్బంతా అక్కడనే అయిపోయింది. పశువైద్యశాల దారి మాకు తెలియనిది కాదు. అయినా కుక్కపిల్లకు టీకా అన్న మాట మా ఐదుగురి నోట ఒక్కసారి కూడా రాలేదు. అక్కడ నుండి జిరాక్సు దుకాణానికి పోయినాము. దుకాణదారుడు మా పేర్లు, మార్కులు అడిగి, కంప్యూటరులో అంతకుముందే సిద్ధంగా ఉన్న ఒక నమూనాలో వాటిని నింపినాడు. పది నిమిషాలలో ఐదు రెజ్యూమెలు చేతికి వచ్చినవి. పేర్లు, మార్కులు తీసివేస్తే ఐదింటికీ అక్షరం భేదం లేదు. ఐదుగురికీ ఒకే జీవిత లక్ష్యం. ఐదుగురికీ ఒకే అభిరుచులు: పుస్తక పఠనం, సంగీతం వినడం, క్రికెట్. మాలో ఒకరు జీవితంలో బ్యాటు పట్టి ఎరుగరు.

జూన్ నెలలో ఒక సంస్థ వారు మమ్మల్ని మాటలాడడానికి పిలిచినారు. పల్లెలలో పాల సేకరణ లెక్కలు చూచే సంస్థ అది. ఎదుట కూర్చున్న అధికారి మా ఐదు కాగితాలనూ బల్ల మీద ప్రక్కప్రక్కన పరచి, కాసేపు చూచి, "మీరు ఐదుగురూ ఒక తల్లి బిడ్డలా?" అని నవ్వినాడు. ఆ నవ్వులో హేళన లేదు. అయినా మా తలలు వంగినవి. తరువాత మాలోని ఒక సోదరిని, "అమ్మా, ఈ కాగితం అట్లా ఉంచండి. మీకు ఏ పని వచ్చో మీ మాటలలో చెప్పండి," అని అడిగినాడు. ఆమె మౌనంగా ఉండిపోయింది.

ఆ మౌనమే మమ్మల్ని ఎక్కువగా బాధించింది. ఎందుకంటే, ఆమె ఇంటిలో ఇరవైకి పైగా మేకలు, రెండు ఆవులు ఉన్నవి. తొమ్మిదవ తరగతి నుండి ఆ జీవాల లెక్క అంతా ఆమె చేతిలోనే ఉన్నది. ఏ మేక ఎప్పుడు ఈనింది, ఏ పిల్లకు ఎప్పుడు నట్టల మందు త్రాగించినారు, చిటుక రోగానికి టీకా వేయించిన తేదీ ఏది, ఏ సంతలో ఎంతకు అమ్మినారు, పాలు ఏ పూట ఎన్ని లీటర్లు పోసినారు, ఇవన్నీ ఒక నోటుబుక్కులో తేదీల వారీగా వ్రాసి ఉంచింది. ఆ సంస్థకు కావలసిన మనిషి ఆమెయే. కాని ఆ నోటుబుక్కును గురించి రెజ్యూమెలో ఒక్క ముక్క లేదు. వ్రాయమని మేము ఎవ్వరమూ చెప్పలేదు. ఇంటిలో అడిగితే ఆమె అమ్మీ, "మేకలు మేపడం కూడా ఒక చదువేనా బేటీ? నలుగురిలో నగుబాటు," అని వారించిందట. మాలో ఎవరికీ ఆ అవకాశం రాలేదు. ఎంపికైన యువకుడు అర పుట కాగితంలో తన ఇంటి పాడి లెక్కలు తాను చూచుకొంటున్న సంగతి వ్రాసినాడని తరువాత తెలిసింది.

రెండవ సంఘటన ఆగస్టు నెలలో జరిగింది. మా మిత్రుని కుక్కపిల్ల వీధి కుక్కలతో కొట్లాడి గాయపడి వచ్చింది. కొన్ని వారాల తరువాత అది తిండి మాని, చీకటి మూలలో ముడుచుకొని, ఒకనాడు దగ్గరకు పోయిన ఎనిమిదేండ్ల తమ్ముని చేయి కరిచింది. ఇరుగుపొరుగు వారు ఒకరు సున్నం పెట్టమన్నారు, ఒకరు పసుపు అద్దమన్నారు, మరొకరు మంత్రం వేయించమన్నారు. ఆ వీధిలోనే ఉన్న ఒక ఉపాధ్యాయుడు అందరినీ ప్రక్కకు త్రోసి, కుళాయి క్రింద ధారగా నీళ్ళు వదలి, సబ్బుతో పదిహేను నిమిషాలు గాయం కడిగించి, అప్పటికప్పుడు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొనిపోయినాడు. గాయం లోతుగా ఉన్నందున చుట్టూ వేసే మందు కూడా వేసినారు. తరువాత మూడవ రోజు, ఏడవ రోజు, ఇరవై ఎనిమిదవ రోజు సూదులు తప్పకుండా వేయించినారు. కుక్క నాలుగవ నాటికే చనిపోయింది. పిల్లవాడు క్షేమంగా ఉన్నాడు, బడికి పోతున్నాడు. కాని ఆ నెల రోజులూ ఆ తల్లిదండ్రులు పడిన భయం మేము కళ్ళారా చూచినాము. పిచ్చికుక్క వ్యాధి లక్షణాలు మనిషిలో బయటపడిన తరువాత బ్రతకడం దాదాపు అసాధ్యమని వారికి వైద్యులు చెప్పియున్నారు. ఆ తళతళలాడే గొలుసు ఈనాటికీ వారి ఇంటి గోడ మేకుకు వ్రేలాడుతున్నది.

ఈ రెండు సంఘటనలకూ సంబంధమేమని పాఠకులు అడుగవచ్చు. మా దృష్టిలో ఈ రెండూ ఒకే తప్పు. కనబడేదానిని కొన్నాము, కావలసినదానిని విడిచిపెట్టినాము. కుక్కకు ఏమి అవసరమో అడుగక, అంగడిలో ఏమి వ్రేలాడుతున్నదో చూచినాము. సంస్థకు ఎవరు అవసరమో ఆలోచింపక, దుకాణంలో ఏ నమూనా అందంగా ఉన్నదో చూచినాము. ఎదుటి ప్రాణి అవసరం తెలుసుకొని దానికి తగినట్లు నడుచుకోవడం ఇంటి జంతువు దగ్గర ఎంత ముఖ్యమో, ఉద్యోగపు దరఖాస్తు దగ్గర కూడా అంతే ముఖ్యమని మేము నమ్ముతున్నాము.

మన ప్రాంతానికి జంతువుల పెంపకం క్రొత్త కాదు. వానలు చాలని మెట్ట భూములు మనవి. పంట చేతికి రాని సంవత్సరం మేకో, గొర్రెో, ఆవో అమ్ముకొని పిల్లలను చదివించిన ఇండ్లు మల్లయ్యకొండ చుట్టూ ఎన్నో ఉన్నవి. మన పొరుగున ఉన్న పుంగనూరు పేరు మీద ప్రపంచమంతా ఒక గోజాతిని పిలుస్తున్నది. 70 నుండి 90 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే పెరిగే ఆ పొట్టి ఆవు, పాలలో వెన్న శాతానికి ప్రసిద్ధి. అంతరించిపోయే దశకు వచ్చిన ఆ జాతిని పలమనేరు పశు పరిశోధనా స్థానంలో కాపాడుతూ వచ్చినారు. 2024 జనవరిలో సంక్రాంతి నాడు ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న చిత్రాలు దేశమంతటా వెలువడిన తరువాత, నగరాలలో దానిని ఇంటి ముంగిట ముద్దుకు పెంచుకొనే వేడుక మరింత పెరిగింది.

వేడుక మంచిదే. కాని చిన్నదైనంత మాత్రాన ఆవు బొమ్మ కాదు గదా! అది నెమరు వేసే జంతువు. దానికి మువ్వల పట్టెడ కంటె ముందు పచ్చి మేత, ఎండు మేత, శుభ్రమైన నీరు, నడవడానికి చోటు, తోడుగా మరొక పశువు కావాలి. గచ్చు నేల మీద జారి పడకుండా క్రింద ఏదైనా పరచాలి. ఏడాదికి రెండుసార్లు గాలికుంటు టీకా వేయించాలి. పట్టుబట్ట కప్పి ఫొటో తీసుకొన్నవారు ఈ జాబితాను ఒకసారి చదువుకొంటే ఆ మూగజీవికి మేలు జరుగుతుంది.

ఇతర జంతువుల విషయంలో కూడా పశువైద్యులను అడిగి మేము తెలుసుకొన్న సంగతులను క్లుప్తంగా చెప్పుతాము. కుక్కపిల్లకు ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో పార్వో మొదలైన వ్యాధులకు టీకాలు ప్రారంభించాలి. మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, వైద్యుడు చెప్పిన ప్రకారం మరల వేయిస్తూ ఉండాలి. మెడపట్టీకి, మెడకు నడుమ రెండు వ్రేళ్ళు దూరవలెను. మన ఇండ్లలో సంగటి, మజ్జిగ పెట్టి కుక్కలను సాకడం అలవాటు. సంగటితోబాటు గ్రుడ్డో, ఉప్పుకారాలు లేని మాంసపు ముక్కలో కూడా కావాలి. ఉల్లిపాయ, చాకొలెట్, ద్రాక్ష కుక్కకు విషంతో సమానం. ఉడికిన ఎముకలు పగిలి ప్రేవులలో గ్రుచ్చుకొంటవి.

పిల్లి అనగానే పాలగిన్నె గుర్తుకు వస్తుంది. కాని ఎదిగిన పిల్లులలో అనేకం పాలను అరిగించుకోలేవు, విరేచనాలు పట్టుకొంటవి. పిల్లి మాంసాహారి. మాంసంలో దొరికే టారిన్ అనే పదార్థం లోపిస్తే దానికి చూపు మందగిస్తుంది, గుండె బలహీనపడుతుంది. దానికి కావలసినవి వెడల్పైన లోతు లేని పళ్ళెం, ఇసుక పోసిన తట్ట, గోళ్ళు గీరుకోవడానికి ఒక మొద్దు. ఇవి మూడూ డబ్బు లేకుండానే సమకూరుతవి. మనకు జ్వరం వస్తే వేసుకొనే పారాసిటమాల్ మాత్ర పిల్లిని చంపగలదన్న సంగతి ప్రతి ఇంటిలోనూ తెలిసి ఉండాలి. నాటుకోళ్ళు పెంచేవారు గూడు కట్టించడానికి చూపే శ్రద్ధలో కొంత కొక్కెర తెగులు టీకా మీద చూపితే, ఒక్క వారంలో దొడ్డి అంతా ఖాళీ అయ్యే దుఃఖం తప్పుతుంది. మేకలకు, గొర్రెలకు తొలకరికి ముందే చిటుక రోగపు టీకా వేయించాలి, నట్టల మందు త్రాగించాలి. బూజు పట్టిన వేరుశెనగ చెక్క చవకగా వచ్చిందని ఏ జీవానికీ పెట్టరాదు. ఆ బూజులో కాలేయాన్ని పాడుచేసే విషం ఉంటుంది.

కొనకూడని వస్తువు కూడా ఒకటి ఉన్నది. అది చిలుక పంజరం. మన రామచిలుకలను పట్టడం, అమ్మడం, ఇంటిలో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అదృష్టం కలిసి వస్తుందని కొందరు దాచిపెట్టుకొనే నక్షత్ర తాబేలు సంగతి కూడా అంతే. ఇంటిలో ఉంచుకోదగిన జంతువుల విషయంలో కూడా చట్టం ఉన్నది. జంతువును మితిమీరిన బరువు గొలుసుతోగాని, మితిమీరిన పొట్టి త్రాడుతోగాని అధిక కాలం కట్టివేయడం, దానికి చాలినంత తిండి, నీరు, నీడ కల్పించకపోవడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం ప్రకారం తప్పు. మేము మురిసిపోయి కొన్న గొలుసు ఆ చిన్న ప్రాణానికి ఎంత బరువో ఆనాడు చేతితో ఎత్తి చూచిన పాపాన పోలేదు.

ఇక రెజ్యూమె సంగతి. ఆ మాట ఫ్రెంచి భాషది, సారాంశమని దాని అర్థం. కాని ఆ పని మనకు క్రొత్త కాదు. మన తెలుగులో ఉద్యోగానికి పెట్టుకొనే కాగితాన్ని దరఖాస్తు అంటాము, అర్జీ అంటాము. దరఖాస్తు ఫారసీ నుండి, అర్జీ అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా మన నోటికి వచ్చి తెలుగు మాటలైనవి. సిఫారసు, హాజరు, జవాబు, రాజీనామా, అన్నీ ఆ దారినే వచ్చినవి. ఉర్దూ, తెలుగు ఒకే వరండాలో వినబడే మన కళాశాల విద్యార్థులకు ఈ మాటలు రెండు ప్రక్కలా చుట్టాలే. మాట మనకు ఇంత దగ్గరిదైనప్పుడు, ఆ కాగితంలో మన బ్రతుకు మాత్రం దూరమెందుకు కావాలి?

చరిత్రలో మొట్టమొదటి రెజ్యూమెగా పలువురు చెప్పే ఒక ఉత్తరం ఉన్నది. సుమారు 1482లో లియొనార్డో డా విన్సీ ఇటలీలోని మిలాన్ పాలకుడైన లుడొవీకో స్ఫోర్జాకు కొలువు కోరుతూ సిద్ధం చేసుకొన్న లేఖ అది. దాని చిత్తుప్రతి నేటికీ నిలిచి ఉన్నది. ఆ మహా చిత్రకారుడు అందులో మొదట చెప్పుకొన్నది చిత్రలేఖనం కాదు. తేలికగా మోసుకొనిపోగల వంతెనలు కట్టగలననీ, ముట్టడి సమయంలో కందకాల నుండి నీరు తోడగలననీ, ఫిరంగులు, కప్పు గల యుద్ధ శకటాలు చేయగలననీ వరుసగా సంఖ్యలు వేసి చెప్పినాడు. శాంతికాలంలో భవనాలు కట్టగలనని ఆ తరువాత చెప్పి, శిల్పము, చిత్రలేఖనము చివరకు ఉంచినాడు. ఎందువలన? యుద్ధాల మధ్య ఉన్న ఆ పాలకునికి అప్పుడు కావలసినవి వంతెనలు, ఫిరంగులు గనుక. చదివేవాని అవసరం ఏమిటి, దానికి నా చేతిలోని పని ఏది సరిపోతుంది అని ఆలోచించి వ్రాసినాడు. ఐదు వందల ఏండ్లు దాటినా ఆ సూత్రం మారలేదు.

ఆ సూత్రాన్ని పట్టుకొని మా ఐదుగురమూ మా కాగితాలను చించివేసి మరల వ్రాసుకొన్నాము. మేము పాటించిన పద్ధతి ఇది. మొదట ప్రకటనను రెండుసార్లు చదివి, వారు అడిగిన పనుల క్రింద గీతలు గీచినాము. ఆ పనులలో ఏదైనా ఇంటిలోగాని, పొలంలోగాని, అంగడిలోగాని, కళాశాలలోగాని మేము చేసి ఉన్నామా అని మమ్మల్ని మేమే ప్రశ్నించుకొన్నాము. చేసి ఉంటే ఏమి చేసినాము, ఎంత కాలం చేసినాము, ఎంత చేసినాము, దాని వలన ఏమి జరిగింది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబుగా ఒకే వాక్యం వ్రాసినాము. ఉదాహరణకు, "శ్రద్ధగా, నమ్మకంగా పనిచేయగలను" అన్న వాక్యం ఎవ్వరైనా వ్రాయవచ్చు. దానికి రుజువు లేదు. మా సోదరి తన క్రొత్త కాగితంలో, "ఆరు సంవత్సరాలుగా ఇంటిలోని 22 మేకలు, 2 ఆవుల ఈనిక, టీకాలు, పాల దిగుబడి, అమ్మకాల లెక్కలను తేదీల వారీగా నోటుబుక్కులో నమోదు చేస్తున్నాను, ఆ పుస్తకం చూపగలను," అని వ్రాసింది. మొదటి వాక్యం చదివినవాడు దానిని నమ్మవలెను. రెండవది చదివినవాడికి నమ్మకుండా ఉండటానికి కారణం కనబడదు.

మరికొన్ని సంగతులు కూడా నేర్చుకొన్నాము. క్రొత్తగా ఉద్యోగంలో చేరేవారికి ఒక పుట చాలు. ఇటీవలి చదువు, ఇటీవలి పని ముందు రావాలి. అడుగనిదే కులం, మతం, తండ్రి ఆదాయం వ్రాయనక్కరలేదు. పెద్ద సంస్థలలో కాగితాన్ని మనిషి కంటె ముందు కంప్యూటరు చదివి వడపోస్తున్నది గనుక, పూల అంచులు, పెట్టెలు, రంగులు మేలు కంటె కీడే చేస్తవి. ఫోను సంఖ్యలో ఒక అంకె తప్పు పడితే మిగిలినదంతా వ్యర్థం. మన పేరు చెప్పమని ఎవరి పేరైనా ఇచ్చే ముందు వారి అనుమతి అడగడం మర్యాద. పంపే ముందు కనీసం ఇద్దరి చేత చదివించాలి. చిట్టచివర, "పైన వ్రాసినదంతా సత్యము" అని సంతకం చేస్తాము గదా. ఆ సంతకం పెట్టేటప్పుడు చేయి వణకకుండా ఉండాలి. క్రికెట్ ఆడని మనిషి క్రికెట్ అని వ్రాసి సంతకం చేస్తే, అది చిన్నదైనా అబద్ధమే.

మన విద్యార్థులు మరచిపోయే ఆస్తి మరొకటి ఉన్నది. అది భాష. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం వైపు మన పిల్లలు తెలుగుతోబాటు తమిళం, కన్నడం సులభంగా మాటలాడుతారు. ద్రావిడ భాషల అధ్యయనానికి 1997లో విశ్వవిద్యాలయం వెలసింది కూడా ఆ కుప్పంలోనే. మన కళాశాలలో అనేకులు ఉర్దూ చదవగలరు, వ్రాయగలరు. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూను రెండవ అధికార భాషగా చట్టం చేసినారు. అయినా మా ఐదు పాత కాగితాలలో భాషల దగ్గర "ఇంగ్లీషు" మాత్రమే ప్రముఖంగా ఉన్నది! ఏ భాష మాటలాడగలమో, ఏ భాష చదవగలమో, ఏ భాష వ్రాయగలమో విడివిడిగా చెప్పడం మంచిది. ఆసుపత్రిలోగాని, బ్యాంకులోగాని, బీమా సంస్థలోగాని ఎదుటివారి భాషలో మాట చెప్పగల ఉద్యోగి విలువ ఆ పని చేయించుకొనేవారికి తెలుసు.

మా మాటలకు కొన్ని అభ్యంతరాలు వచ్చినవి. ఉద్యోగాలు రెజ్యూమె వలన కాదు, సిఫారసు వలన వస్తవని కొందరు మిత్రులన్నారు. అట్లా వచ్చేవి ఉన్నవి, కాదనము. కాని సిఫారసు చేసే పెద్దలు లేని ఇంటి బిడ్డకు మిగిలిన సాధనం ఈ ఒక్క కాగితమే గదా. దానిని కూడా మరొకని నమూనాకు అప్పగించి వస్తే ఇక మన చేతిలో ఏమున్నది? గ్రామ జీవితాన్ని దరఖాస్తులో వ్రాస్తే చులకన చేస్తారని మరికొందరన్నారు. చులకన చేసేవారు ఉండవచ్చు. అన్ని చోట్లా మేకల లెక్క వ్రాయమని మేము చెప్పడం లేదు. ఆ పనికి సంబంధం లేని చోట అది అనవసరమే. సంబంధం ఉన్న చోట మాత్రం సిగ్గుతో దాచరాదని మా విన్నపం. తల్లిదండ్రులతో కలిసి చేసిన కష్టాన్ని దాచి, ఎన్నడూ చేయని వినోదాన్ని చూపడం న్యాయమేనా?

ఇంకొక పెద్దాయన, "కుక్కల గొడవ, పిల్లుల గొడవ కళాశాల సంచికలో ఎందుకు నాయనా?" అని మందలించినారు. వారికి మా సమాధానం వినయపూర్వకమైనదే. ఒక టీకా లోపం వలన ఎనిమిదేండ్ల బాలుని ప్రాణం నెల రోజులు త్రాసులో ఊగింది. ఆ త్రాసు పట్టుకొన్నవారిలో ఈ కళాశాల విద్యార్థులము మేమూ ఉన్నాము. జీవశాస్త్రంలో మాకు మంచి మార్కులే వచ్చినవి. లూయీ పాశ్చర్ పేరు వ్రాయమంటే వ్రాయగలము. కాని పరీక్షలో వ్రాసిన జవాబును పెరటిలోని కుక్కపిల్ల దాకా తీసుకొనిపోలేకపోయినాము. ఆ లోపం మాది. దానిని సరిదిద్దడం కళాశాల పని కూడా అని మా అభిప్రాయం.

కాబట్టి పాలకవర్గ పెద్దలకు మూడు విన్నపాలు చేస్తున్నాము. ఇంటర్న్‌షిప్‌కు పోయే ముందు ప్రతి విద్యార్థికీ రెజ్యూమె వ్రాయడంలో రెండు తరగతులు పెట్టించండి. ఒకటి తెలుగు అధ్యాపకుల చేత, ఒకటి ఉర్దూ అధ్యాపకుల చేత జరిగితే మరింత మేలు. ముందు తన భాషలో తన పనిని చెప్పుకోగలిగినవాడే తరువాత దానిని ఇంగ్లీషులో వ్రాయగలడు. రెండవది, ప్రతి విద్యార్థి కాగితాన్నీ పంపే ముందు ఒక అధ్యాపకుడు చదివే ఏర్పాటు చేయండి. ఖర్చు లేని పని ఇది. మూడవది, 1885లో పాశ్చర్ ఒక బాలునికి మొదటిసారిగా పిచ్చికుక్క వ్యాధి టీకా వేసిన జూలై 6వ తేదీని ప్రపంచమంతా జంతువుల నుండి సంక్రమించే వ్యాధుల దినంగా పాటిస్తున్నది. ఆ నాడు పశువైద్యశాలలలో కుక్కలకు టీకాలు వేయడం ఆనవాయితీ. మన జాతీయ సేవా పథకం విద్యార్థులు ఆ ముందు వారం వీధి వీధికీ పోయి, ఎవరి ఇంటిలో ఏ జంతువు ఉన్నదో, దానికి ఏ టీకా వేయించవలసి ఉన్నదో వ్రాసుకొని వస్తే, ఆ నాడు ఆ ఇంటివారిని వెంటబెట్టుకొని పోవచ్చు. ఆ పని చేసిన విద్యార్థి తన రెజ్యూమెలో నిజంగా వ్రాసుకొనదగిన వాక్యం ఒకటి సంపాదించుకొంటాడన్నది అదనపు లాభం.

మా సోదరి క్రొత్త కాగితాన్ని మూడు చోట్లకు పంపింది. ఒక చోట నుండి పిలుపు వచ్చింది. వచ్చే వారం ఆమె పోయి వారితో మాటలాడుతుంది. ఈసారి నోటుబుక్కును కూడా సంచిలో పెట్టుకొని పోతున్నది. దాని అట్ట చిరిగి ఉంటే ఆమె అమ్మీయే క్రొత్త కాగితం తెప్పించి అట్ట వేసి ఇచ్చిందట. మా మిత్రుని ఇంటికి మొన్న మరొక కుక్కపిల్ల వచ్చింది. ఈసారి ముందుగా పశువైద్యశాలకు పోయి టీకాల చీటీ వ్రాయించుకొని వచ్చినారు. మెడకు పాత నూలు త్రాడు ఒకటి వదులుగా కట్టినారు. గోడ మీది గొలుసును తీయవద్దని చిన్నవాడే చెప్పినాడట. మేము కూడా ఆ ఇంటికి పోయినప్పుడల్లా దాని వైపు ఒకసారి చూస్తాము.